సబ్సిడీలన్నీ నీళ్లున్న పొలానికేనా? మెట్ట రైతుల లెక్క ఇక్కడ రాయండి

#1 కదిరి_చేను

అందరికీ నమస్కారం. వ్యవసాయ సబ్సిడీలు మార్చాలని పేపర్లో, టీవీలో చాలామంది మాట్లాడుతున్నారు. ఉచిత కరెంటు తగ్గించాలని ఒకరు, ఎరువుల రాయితీ రైతు ఖాతాలోనే వేయాలని ఒకరు, అన్నీ తీసేసి ఎకరాకు ఇంత అని ఇచ్చేయాలని ఇంకొకరు. ఎవరు మాట్లాడినా వాళ్ల కళ్ల ముందున్నది కాలవ కిందో బోరు కిందో వరి పెట్టే రైతే. వానను నమ్ముకుని చెనిక్కాయ (వేరుశనగ) వేసేవాళ్ల సంగతేంటో కూడా లెక్క చూద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

మాది కదిరి దగ్గర పల్లె. సొంతం ఆరెకరాల ఎర్రనేల, ఇంకో నాలుగెకరాలు గుత్తకు (కౌలుకు) చేస్తా. వేసిన రెండు బోర్లూ ఎండిపోయాయి, కాబట్టి ఉచిత కరెంటులో నా వంతు సున్నా. డ్రిప్పుకు 90 శాతం రాయితీ ఉంది, నీళ్లు లేని చేనికి ఆ పైపులు పరుచుకుని ఏం చేయాలి? చెనిక్కాయకు యూరియాతో పెద్ద పని లేదు. వడ్ల కొనుగోలు కేంద్రం మాకు ఎప్పుడూ అక్కర పడలేదు. మిగిలినవి రెండే, జూన్‌లో ఇచ్చే రాయితీ విత్తనకాయ, ఖాతాలో పడే డబ్బు. గుత్త చేనికి ఆ రెండోది కూడా భూమి యజమానికే పోతుంది.

2023 ఖరీఫ్ సంగతి చెప్తా. జూలైలో మంచి పదును దొరికింది, గొర్రు కట్టి విత్తాం, మొలక బాగా వచ్చింది. ఆగస్టు మొత్తం చినుకు లేదు. పూత రాలాక కాయ కట్టడానికి ఊడలు భూమిలోకి దిగే టైం అది. ఒకరోజు పొద్దున చేన్లోకి పోయి చెట్టు పీకి చూస్తే పది పదిహేను ఊడలు ఉన్నాయి, ఒక్కటీ భూమిలోకి దిగలేదు, గట్టిపడిన మట్టి మీద కొస నల్లగా మాడి వంకర తిరిగి ఉన్నాయి. ఆ వారంలో ఒక్క తడి ఇచ్చే దారి ఉంటే ఎకరాకు ఐదారు బస్తాలన్నా చేతికొచ్చేవి. ఎకరాకు 20,000 పైనే ఖర్చుపెట్టి గొర్రెలకు మేతగా ఎండు చెట్లు మాత్రం ఇంటికి తెచ్చుకున్నా.

నేను అడిగేది ఒక్కటే, ఆ ఒక్క తడికి సాయం చేసే సబ్సిడీ ఇన్నింటిలో ఏదైనా ఉందా?

#2 గోదారి_గట్టు

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ డెల్టా రైతు సుఖంగా ఉన్నాడని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మా వైపు పొలం దున్నేది ఎక్కువగా కౌలు రైతే. నేను ఐదెకరాలు కౌలుకు చేస్తున్నా, రెండు పంటలకీ కలిపి యజమానికి కొలిచిందిపోగా తుఫాను వస్తే నష్టం మొత్తం నాదే, ఆయనకు ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. మా దగ్గర కోసి మీకిస్తామంటే మాత్రం ఒప్పుకోను. మాకూ ఇవ్వండి అని అడగండి, మీ వెనక నేనూ నిలబడతా.

#3 పాలమూరు_బిడ్డ

మా దిక్కు ముచ్చట కూడా వినండి. నారాయణపేట దగ్గర మాకు మూడెకరాల చెల్క ఉంది. 2018 మే నెలలో మా తెలంగాణ సర్కారు రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరాకు 4,000, తర్వాత 5,000 చేసిన్రు. అబద్ధం ఎందుకు, నాయన చేతికి వానాకాలం ముందు 15,000 రావడం మా ఇంట్లో అంతకు ముందు ఎన్నడూ లేదు. షావుకారి దగ్గరికి పోకుండా కంది విత్తనాలు కొన్నం. అంత పెద్ద సాయం అది.

కానీ దానికి పరిమితి పెట్టలేదు. హైదరాబాద్‌లో ఉండే పటేలుకు మా ఊళ్లో 60 ఎకరాలుంటే ఏడాదికి 6 లక్షలు పడ్డయి. ఆ 60 ఎకరాల్లో ఎవుసం చేసే పన్నెండు కుటుంబాలకు రూపాయి రాలేదు. పైగా ఎకరాకు 10,000 వస్తుందని తెలిసినంక భూమి రేటు పెరిగింది, కౌలు పెరిగింది. సాయం పేరు మీద వచ్చిన డబ్బే కౌలు రైతు మీద బరువైంది. మార్చేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇది.

2025 జనవరి 26 నుంచి రైతు భరోసా అని ఎకరాకు ఏడాదికి 12,000 చేసి రాళ్లు, గుట్టలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు తీసేసిన్రు. మంచి పనే. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసిన, భూమి లేని కూలీ కుటుంబాలకు కూడా ఏడాదికి 12,000 అన్నరు. మరి అరెకరం సొంతం ఉండి ఐదెకరాలు కౌలుకు చేసేటాయన ఏమైతడు? కాగితం మీద ఆయన భూమి ఉన్నోడు, కాబట్టి కూలీ సాయం రాదు. రైతుగా వచ్చేది అరెకరానికే.

#4 రిటైర్డ్_ఏఓ

వ్యవసాయ శాఖలో ఏఓగా, అంటే వ్యవసాయాధికారిగా, ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చాను, ఎక్కువ కాలం రాయలసీమలోనే. కదిరి మిత్రుడి ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసేసి ఖాళీగా వస్తాయి, ఈశాన్యం వానలు సముద్రం ఒడ్డు దాటి అంత దూరం సరిగ్గా రావు. అలాంటి చోట రైతుకు వచ్చే నష్టం విత్తనం ధర పెరగడం వల్లో ఎరువు ధర పెరగడం వల్లో కాదు, రెండు వానల మధ్య ఇరవై ముప్పై రోజుల ఎండ వల్ల. మన సబ్సిడీలు మాత్రం దాదాపు అన్నీ ఏదో ఒక సరుకుకు కట్టేసి ఉన్నాయి. యూరియా ఎంత వాడితే అంత రాయితీ, కరెంటు ఎంత కాలిస్తే అంత రాయితీ. వాడాలంటే ముందు నీళ్లుండాలి. ఎవరో కావాలని మెట్ట రైతును వదిలేశారని నేను అనను, కానీ ఆ అమరికలోనే అతను బయట ఉండిపోయాడు.

సంస్కరణ పేరుతో జరిగిన ఒక మార్పు చెప్తాను. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాన్ని బట్టి ఇంత అని రాయితీ స్థిరం చేసి అమ్మకం ధర కంపెనీలకు వదిలేశారు. యూరియాను అందులో చేర్చలేదు. తర్వాతి రెండేళ్లలో భాస్వరం ఎరువు డీఏపీ ధర బాగా ఎగబాకింది, యూరియా అక్కడే ఉంది. నేటికీ 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలు, 50 కిలోల డీఏపీ 1,350. చెనిక్కాయ గాలిలోని నత్రజనిని తన వేరు బుడిపెల్లోనే పట్టుకుంటుంది, దానికి బయట నుంచి కావాల్సింది భాస్వరం, కాల్షియం, గంధకం. అంటే ఏ ఎరువు మీద రాయితీ ఎక్కువగా మిగిలిందో అది ఈ పంటకు అక్కర్లేనిది. పూత టైంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ గట్టిపడుతుంది, నూనె శాతం పెరుగుతుంది. ఆ జిప్సం మాకు చాలా ఏళ్లు పూత అయిపోయాక స్టాకు వచ్చేది. గోడౌన్లో గడ్డకట్టిన జిప్సం బస్తాలు చూసి నేను ఎంత బాధపడ్డానో చెప్పలేను.

ఇంకొకటి. కరువొస్తే ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ లెక్క చూడండి. కేంద్రం 2022లో పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000. ఎకరాల్లో చెప్పాలంటే మెట్టకు 3,440 దాకా, మాగాణికి దానికి రెట్టింపు. పంట 33 శాతం పైన పోతేనే, రెండు హెక్టార్ల వరకే. కరువు ఎక్కువగా వచ్చేది ఎవరికి? వాళ్లకే సగం.

#5 కదిరి_చేను

ఏఓ గారూ, ఆ 3,440 లెక్క చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. రావడం ఆలస్యమవుతుందని తెలుసు, తక్కువ వస్తుందని తెలుసు, కానీ రూల్లోనే సగమని రాసుందని తెలియదు. 3,440 అంటే ఎకరా చేను రెండుసార్లు ట్రాక్టరుతో దున్నించే ఖర్చు.

#6 హైటెక్_రైతుకొడుకు

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, నాన్న ఊళ్లో చేస్తున్నారు, ప్రొద్దుటూరు వైపు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఈ యూరియా, కరెంటు, విత్తనం గొడవంతా తీసేసి మొత్తం డబ్బు ఎకరాల చొప్పున పంచేస్తే మెట్ట రైతుకూ సమానంగా వస్తుంది కదా. క్యూలు ఉండవు, బ్లాక్ మార్కెట్ ఉండదు. మొన్న 2025 ఆగస్టులో తెలంగాణలో యూరియా కోసం రాత్రంతా చెప్పులు లైన్లో పెట్టుకుని కూర్చున్న రైతులను చూశాం. అదంతా ధర కృత్రిమంగా తక్కువ పెట్టడం వల్ల వచ్చిందే.

#7 రిటైర్డ్_ఏఓ

బాబూ, ఆలోచన తప్పు కాదు, కానీ కొన్ని చిక్కులున్నాయి. యూరియా అసలు ఖరీదు కొన్నేళ్లు బస్తాకు 2,000 దాటింది. అంత డబ్బు ముందు పెట్టి కొనుక్కో, తర్వాత ఖాతాలో వేస్తామంటే చిన్న రైతు ఆ ముందు పెట్టుబడి ఎక్కడ తెస్తాడు? 2018 నుంచి షాపులో అమ్మకం నమోదు చేసే పీఓఎస్ మిషన్ మీద వేలిముద్ర వేసి ఎరువు కొంటున్నాం, రాయితీ మాత్రం కంపెనీకే వెళ్తోంది. ఆ భయంతోనే రైతు ఖాతాకు మార్చలేదు.

అసలు చిక్కు అది కూడా కాదు. ఎకరాల చొప్పున పంచితే డబ్బు భూమిని వెతుక్కుంటూ పోతుంది, నష్టాన్ని వెతుక్కుంటూ పోదు. పాలమూరు మిత్రుడు చెప్పింది అదే.

#8 ధర్మవరం_నుంచి

బోర్ల గురించి ఎవరో ఒకరు రాస్తారని చూస్తున్నా. నేనే రాస్తా.

2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద వైఎస్ రాజశేఖరరెడ్డి మొదటి సంతకం పెట్టిన రోజు మా ఊళ్లో టపాకాయలు కాల్చారు. మా నాన్న కూడా. బకాయిలకు భయపడి మోటారు పక్కన పెట్టినవాళ్లు మళ్లీ బిగించారు. ఆ సంతకాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను. కానీ ఆ తర్వాత పదేళ్లలో ఊరి చుట్టూ రిగ్గు చప్పుడు ఆగలేదు. పక్క చేనాయన 300 అడుగులు వేస్తే మేము 500, మేము 500 అయితే ఇంకొకాయన 800. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేస్తున్న చోట్లున్నాయి. మా నాన్న ఏడు బోర్లు వేశారు, అమ్మ గాజులు పోయాయి, రెండెకరాలు పోయాయి, ఏడోదాంట్లో అంగుళం నీళ్లు పడితే రెండేళ్లకు అదీ పోయింది. బోరు వేయడానికి పెట్టిన ప్రతి రూపాయీ రైతుది, నీళ్లు పడితేనే సర్కారు కరెంటు. పడకపోతే మనిషి మిగిలిన అప్పుతో ఒంటరి.

కదిరి అన్న అడిగిన ఒక్క తడికి దారి ఉంది. మా పక్క కొన్ని ఊళ్లలో బోరున్న రైతులు, లేని రైతులు కూర్చుని కాగితం రాసుకున్నారు. కొత్త బోరు ఎవరూ వేయకూడదు, బోరు కింద వరి పెట్టకూడదు, ఉన్న నీళ్లు పైపులతో అందరి చేన్లకూ కలిపి, ఎండ ముదిరినప్పుడు స్ప్రింక్లర్లతో అందరికీ ఒక తడి. దీనికి కావాల్సింది పైపుల ఖర్చు, ఊళ్లో నమ్మకం. డ్రిప్పు సబ్సిడీ మాత్రం బోరున్న ఒక్కో రైతు పేరు మీదే వస్తుంది, పది మంది కలిసి వస్తే ఫైలు ఎవరి పేరున పెట్టాలో తెలియక తిప్పి పంపుతారు.

#9 కదిరి_చేను

2016లో రెయిన్‌గన్లు, అదే నీళ్లు దూరంగా చిమ్మే యంత్రాలు, గుర్తున్నాయా? ఆగస్టులో చెనిక్కాయ ఎండిపోతోందని ట్యాంకర్లు, ఇంజన్లు, రెయిన్‌గన్లు దించారు. మా చేనికి వంతు వచ్చేసరికి ఊడలు మాడిపోయాయి. ఆలోచన మంచిదే, కానీ ఎండిపోవడం మొదలయ్యాక నీళ్లు వెతికితే ఎలా? ఫారంపాండ్లు (చేన్లో వాననీళ్లు పట్టే కుంటలు) తవ్వించి, పైపులు ముందే ఊళ్లో ఉంచి, జూలైలోనే సిద్ధంగా ఉండాల్సిన పని అది.

#10 సీమ_ఆడపడుచు

ఇక్కడ అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నట్టున్నారు, నాకూ చెప్పుకోవాల్సింది ఉంది. మా ఆయన పోయి నాలుగేళ్లు. రెండెకరాలు మా మామ పేరు మీదే ఉన్నాయి, ఆయనా పోయారు. మా బావగారు సంతకం పెట్టక మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, ఆగిపోయింది. పక్కన ఇంకో మూడెకరాలు గుత్తకు చేస్తున్నా. విత్తేది నేను, కలుపు తీసేది నేను, కాయ పీకేది నేను. ఒక్క కాగితంలో నా పేరు లేదు. పీఎం కిసాన్ 6,000 రాదు. అన్నదాత సుఖీభవలో రాష్ట్రం ఇచ్చేది కలిపితే ఏడాదికి 20,000 అన్నారు, 2025 ఆగస్టు 2న మొదటి విడత పడింది, నాకు పడలేదు. గుత్త చేనికి యజమాని ఖాతాలో పడింది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ కౌలు కార్డు అడిగితే మొహం మార్చుకున్నాడు. సంతకం పెడితే భూమి పోతుందని ఎవరో చెప్పారంట.

విత్తనకాయ కూడా పాసుబుక్కు ఉన్నోళ్లకే. నేను బయట అంగట్లో పూర్తి ధర పెట్టి కొన్నా. రాయితీ కాయ తెచ్చుకున్న ఒకాయన విత్తకుండా అదే కాయ నాకు అమ్మజూపాడు. దానికి ఏమనాలో నాకు తెలియలేదు.

#11 గోదారి_గట్టు

అక్కా, మీరు రాసింది అక్షరం అక్షరం మా దగ్గరా జరుగుతోంది. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలల ఒప్పందం అన్నారు. భూమి హక్కుకు ఏ ఇబ్బందీ లేదని దాంట్లోనే ఉంది. అయినా యజమాని సంతకం కావాలన్న ఒక్క మెలికతో లక్షల మంది బయట ఉండిపోతున్నారు. సాగు చేసేది ఎవరో ఊళ్లో చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు కదా. యజమాని సంతకం బదులు గ్రామసభ తీర్మానం చాలదా?

#12 ఉట్నూరు_అడవి

పోడు పట్టా రైతుల తరఫున రెండు మాటలు. అటవీ హక్కుల పట్టా వచ్చాక మాకూ రైతుబంధు వచ్చింది, అది నిజం. కానీ త్రీఫేజ్ కరెంటు లైను అడవిలోంచి లాగాలంటే అనుమతులే అనుమతులు. పత్తి తీసి ట్రాలీలో సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేంద్రానికి తెచ్చేలోపు తేమ 12 శాతం దాటిందని వెనక్కి పంపితే, అదే పత్తి గేటు బయట దళారికి అమ్మి ఇంటికి పోవాలి. మద్దతు ధర కూడా సబ్సిడీ లాంటిదే, రోడ్డు దగ్గరున్న ఊరికే అందుతుంది.

#13 ఐర్లాండ్_తెలుగు

మా నాన్నది మదనపల్లె వైపు సేద్యం, నేను ఐర్లాండ్‌లో పడమటి తీరంలో ఉద్యోగం. ఇక్కడ కొండ, బురద నేలల రైతులకు 1975 నుంచే యూరప్ చట్టంలో వేరే విభాగం ఉంది. ప్రకృతి అనుకూలించని ప్రాంతమని మ్యాపులో గీసి, అక్కడ సేద్యం చేసేవాళ్లకు హెక్టారుకు అదనంగా ఇస్తారు. మంచి నేలకు వచ్చేది వేరు, ఇది దానికి పైన.

అయితే వీళ్లూ ఒక తప్పు చేశారు. మొదట్లో గొర్రెకు ఇంత అని తల లెక్కన ఇచ్చారు. దాంతో గొర్రెలు విపరీతంగా పెంచి 1980, 90ల్లో కొండల మీద గడ్డి మొదళ్లతో సహా మేపేశారు, మట్టి కొట్టుకుపోయింది. 2005 నాటికి తల లెక్క పూర్తిగా తీసేశారు. మన బోర్ల కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది. దేని లెక్కన డబ్బిస్తే అది మితిమీరి పెరుగుతుంది.

#14 పాలమూరు_బిడ్డ

బీమా సంగతి ఎవరూ రాయలేదేం? మా రాష్ట్రం 2020లో కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. అప్పటి సంది పంట పోతే దేవుడే దిక్కు. రైతు చనిపోతే 5 లక్షల రైతుబీమా ఉంది, ఆ కుటుంబాలకు అదెంతో ఆసరా. కానీ మనిషి బతికుండంగ పంటకు బీమా లేదు.

#15 ధర్మవరం_నుంచి

మాకు ఉండి కూడా అయోమయమే. 2016లో ఖరీఫ్ పంటకు రైతు కట్టే వాటా బీమా మొత్తంలో 2 శాతం. 2019 తర్వాత ఈ-క్రాప్ (సర్కారు ఆన్‌లైన్ పంట నమోదు) ఎక్కితే చాలు, ప్రీమియం సర్కారే కడుతుందన్నారు. 2024 రబీ నుంచి మళ్లీ రైతు వాటా కట్టాలన్నారు. మధ్యలో అలవాటు తప్పి మా ఊళ్లో చాలామంది కట్టనే లేదు.

చెనిక్కాయకు వాతావరణ బీమా అంటే ఎలా ఉంటుందో తెలుసా? వాన కొలిచే మిషన్ మండల కేంద్రంలో. మా పల్లె అక్కడికి 14 కిలోమీటర్లు. ఆ రోజు మండలంలో 30 మిల్లీమీటర్లు పడింది, మా పొలిమేరలో మట్టి కూడా తడవలేదు. కాగితం ప్రకారం మాకు వాన పడింది, పరిహారానికి చూసే వానలేని రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. సబ్సిడీ డబ్బులో కాస్త పక్కన పెట్టి ప్రతి పంచాయతీకి ఒక వానమానిని పెట్టిస్తే ఎంత మేలో.

#16 హైటెక్_రైతుకొడుకు

నేను పైన రాసింది కొంచెం తొందరపడి రాశాను. నాన్నతో మాట్లాడా. ఆయన ఇంకో మాట అన్నారు, చిన్నప్పుడు ఇంట్లో కొర్రన్నం, జొన్నసంగటి తినేవాళ్లం, చేన్లో కొర్ర, జొన్న, ఉలవ, ఆముదం అన్నీ ఉండేవి, చౌక బియ్యం వచ్చాక కొర్ర కొనేవాడు లేడని అందరూ చెనిక్కాయ ఒక్కదానికే మళ్లారని. చూస్తే జొన్న, సజ్జ, రాగులకు కేంద్రం మద్దతు ధర ఉంది, కొర్రకు, సామకు లేదు. ఎండకు తట్టుకునే పంటకే ధర లేదు. నంద్యాల పరిశోధనా స్థానం మంచి కొర్ర రకాలు ఇచ్చింది, కొని హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు పంపే ఏర్పాటు ఉంటే రైతు తనంతట తనే మళ్లీ వేస్తాడు.

#17 కదిరి_చేను

చాలా విషయాలు వచ్చాయి, సంతోషం. నా మనసులో ఉన్నది చెప్తా. చెనిక్కాయ మద్దతు ధర 2025-26లో క్వింటాల్‌కు 7,263, ఇంకా పెంచమని నేను అడగడం లేదు. పండితే కదా ధర. ఇన్‌పుట్ సబ్సిడీలో మెట్టకు సగం అన్న రూలు పోవాలి, అది మొదటిది. ఎకరాకు ఇచ్చే డబ్బుకు పదెకరాల దగ్గర గీత గీసి, మిగిలేది వానాధార మండలాల్లో ఆ ఒక్క తడికి, అంటే ఫారంపాండ్లకూ పైపులకూ, ఊరి పేరు మీద ఇవ్వాలి, ఒక్కో రైతు పేరున కాదు. జిప్సం, విత్తనకాయ ఆరుద్ర కార్తెకు ముందు రావాలి. గోదారి అన్న భయపడినట్టు డెల్టా కౌలు రైతు నుంచి తీసుకోనక్కర్లేదు, అక్కడా ఇక్కడా సేద్యం చేయని వాళ్లకు పోతున్నది చాలు.

ఏఓ గారూ, ఆ అక్కకు ఏదైనా దారి చెప్పండి సార్. మిగతావన్నీ సర్కారు చేయాల్సినవి, ఇది ఈ వారంలో అయ్యేది.

#18 రిటైర్డ్_ఏఓ

అమ్మా, రెండు పనులు చేయండి. ఈ-క్రాప్ నమోదు చేసేటప్పుడు భూమి యజమాని పేరు వేరు, సాగు చేసేవారి పేరు వేరు. మూడెకరాల గుత్త చేనికి సాగుదారుగా మీ పేరే రాయమని చేన్లో నిలబడి అడగండి, ఫోటో అక్కడే తీయించుకోండి. నమోదు అయ్యాక జాబితా సామాజిక తనిఖీకి ఊళ్లో గోడ మీద పెడతారు. మీ పేరు లేకపోతే ఆ గడువులోనే అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి. నోటి మాట వద్దు. మామగారి రెండెకరాలకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి విడిగా అర్జీ పెట్టండి, అది బావగారి సంతకం లేకుండానే పెట్టొచ్చు.

#19 సీమ_ఆడపడుచు

చాలా థ్యాంక్స్ సార్. జాబితా సోమవారం పెడతారని చెప్పారు. గుత్త చేను సర్వే నంబరు రాసుకుని పెట్టుకున్నా, పక్క చేను అత్త సాక్షిగా వస్తానంది. యజమానితో కూడా మళ్లీ మాట్లాడతా, ఆ చట్టంలో భూమికి ఇబ్బంది లేదని ఉన్న పేజీ ఎవరైనా తెలుగులో ఫోటో తీసి పెడితే చూపిస్తా.

#20 గోదారి_గట్టు

నా దగ్గర ఉంది అక్కా. రాత్రికి ఇంటికెళ్లగానే పెడతా.